ఆటలకు అనుబంధములు

కంప్యూటరు ఆట నొకదానిని కొనియిచ్చిన కొలది దినములకే, దానికి క్రొత్తభాగము వచ్చినదనియు, అదియు కావలెననియు పిల్లలు కోరుట నేడు పెక్కు ఇండ్లలో జరుగుచున్నది. ఆ కోరినది నిజముగా భాగమా, తునక మాత్రమేనా యని పెద్దలు విచారింపవలసి యున్నది.

పూర్వము ఇట్టి అనుబంధములు డిస్కులపై, అట్టపెట్టెలలో అంగళ్లకు వచ్చెడివి. 1998లో 'స్టార్‌క్రాఫ్ట్'కు 'బ్రూడ్ వార్', 2000లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ ఆటకు 'ది కాంకరర్స్' అట్లు వచ్చినవే. డిస్కులు చేయించి దూరదేశములకు పంపు వ్యయము పెద్దది. క్రొత్త కథయో, క్రొత్త సేనలో, క్రొత్త రణరంగములో లేనిదే ఆ వ్యయము గిట్టుబాటు కాదు. ఇంటర్నెట్టు ద్వారా డౌన్‌లోడు చేసికొను పద్ధతి వచ్చిన పిమ్మట ఆ కట్టుబాటు సడలినది. ఎంత చిన్న వస్తువునైనను విడిగా అమ్మ వీలైనది.

ఇందుకు ఒకే ఆటలో రెండు నిదర్శనములు గలవు. అమెరికాలోని బెథెస్డా సంస్థ 2006లో 'ఆబ్లివియన్' అను ఆటను వెలువరించినది. ఆ యేటి ఏప్రిలులోనే ఆటలోని గుఱ్ఱమునకు కవచమును 2.50 డాలర్లకు అమ్మజూపినది. ఆటగాండ్రు పలువురు పరిహసించిరి. ఐనను కొనువారు కొఱవడలేదు. మఱుసటి మార్చిలో అదే ఆటకు 'షివరింగ్ ఐల్స్' అను అనుబంధము 30 డాలర్లకు వచ్చినది. అది ఒక క్రొత్త దేశమే. మతిచలించిన దేవు డొకడు దాని నేలును. అందు ఒక సగము రంగురంగుల వనము, మఱియొక సగము చీకటి చిత్తడి. ఆ భూమికి తగిన జనులు, ఊళ్లు, కథ అన్నియు గలవు.

ఇట్టి కవచములు 12 కొన్నచో ఆ దేశమంతటి వెల యగును. 30 డాలర్లన్నప్పుడు ఇంటివారు కూర్చుండి ఆలోచింతురు. 2.50 అన్నప్పుడు ఆలోచించువా రుండరు. చిన్న అమ్మకములకు బలము అచ్చటనే యున్నదని మా తలంపు.

ఐతే దోషము డౌన్‌లోడు పద్ధతిది కాదు. 2022లో పైన చెప్పిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ ఆటకే 'డైనస్టీస్ ఆఫ్ ఇండియా' ఆ పద్ధతిలోనే వచ్చినది. అంతకుముందు భారతీయుల నందఱిని ఒక్క జాతిగా చూపిన ఆ ఆటలో ద్రావిడులు, వంగీయులు, ఘూర్జరులు వేరువేరుగా నిలిచిరి. ఆటతీరే మాఱినది, కొన్నందుకు ఫలము కలదు. ముచ్చటకై ఎప్పుడో ఒక చిన్న అలంకారమును కొనుటయు నేరము కాదు.

కనుక కొనుటకు ముందు పిల్లలను రెండు ప్రశ్నలు అడుగుట మేలు: దీనివలన ఆటలో క్రొత్తగా చేయదగిన దేమి? ఈ యేడు ఇట్టివి ఇదివఱకే ఎన్ని కొంటిమి? రెండవదానికి జవాబు నోటిమాటగా గాక, పిల్లలచేతనే పద్దుగా వ్రాయించి కూడించుట మంచిది.