ఎర్రదీపం చెప్పే మాట

(ప్రసంగ పాఠం)

కారు నడిపేవారికీ, పక్కన కూర్చునేవారికీ కంటి ఎదుటనే ఉండే ఒక చిన్న దీపాన్ని గురించి ఈ పూట ముచ్చటించదలచాను. స్టీరింగు వెనుక, వేగం చూపే మీటరు పక్కన, కొమ్ముచెంబు ఆకారంలో, కొమ్ము చివర ఒక బొట్టు జారుతున్నట్లుగా, ఎర్రగా వెలిగే దీపమది. తాళం తిప్పగానే వెలగాలి. ఇంజను అందుకోగానే ఒకటి రెండు క్షణాలలో ఆరిపోవాలి. అలా ఆరుతున్నంతకాలం దాని సంగతి మనకు పట్టదు. దారి మధ్యలో వెలిగిందా, గుండె గుభేలుమంటుంది.

అర్ధరాత్రి కాపలాకుక్క మొరిగిందనుకోండి. దొంగ వచ్చి ఉండవచ్చు. ఎండుటాకు రాలి ఉండవచ్చు. మొరిగినప్పుడల్లా ఊరంతా లేపేవాడూ, మొరగకుండా కుక్క నోరు కట్టి పడుకునేవాడూ, ఇద్దరూ వివేకులు కారు. లేచి, లాంతరు పట్టుకుని, వాకిలి దాకా వెళ్లి చూసినవాడే గృహస్థు. ఎర్రదీపం విషయంలోనూ చేయవలసినది అదే. ఆ లాంతరు ఏది, వాకిలి ఎక్కడ అన్నదే నేటి ప్రసంగం.

మొదట దీపం భాష తెలుసుకోవాలి. అది వెలిగితే ఇంజనులో నూనె తగ్గిందని చాలామంది అనుకుంటారు. దీపం చెప్పేది నూనె పరిమాణాన్ని గురించి కాదు, ఒత్తిడిని గురించి. ఇంటి మీది తొట్టిలో నీరు నిండుగా ఉన్నా, గొట్టంలో అడ్డు పడితే కుళాయిలో ధార రాదు గదా! ఇదీ అంతే. ఇంజను అడుగున ఉన్న తొట్టిలోని నూనెను పంపు తోడి, వడపోతగుండా నడిపి, సన్నని రంధ్రాల ద్వారా బేరింగులకు అందిస్తుంది. నిమిషానికి వేలసార్లు తిరిగే క్రాంక్ షాఫ్టు తన బేరింగుల మీద నేరుగా ఆనదు. మిల్లీమీటరులో వందో వంతుకు లోబడిన నూనెపొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర నిలవాలంటే నూనె ఎడతెగక అందుతూ ఉండాలి. ధార ఆగితే లోహానికి లోహం రాసుకుంటుంది, వేడెక్కుతుంది, కరచుకుంటుంది. ఇంజను ‘సీజ్’ అయిందని మెకానిక్కులు చెప్పేది దీనినే. ఇందుకు గంటలు అక్కరలేదు.

ఇక ఈ వార్త దీపానికి చేరవేసే వార్తాహరుడు సెన్సారు. బొటనవేలంత ఇత్తడి, ఉక్కు ముక్క; ఇంజను పక్కన, సాధారణంగా నూనె వడపోతకు దగ్గరలో, నూనె దారిలోకి మరతో బిగించి ఉంటుంది. లోపల ఒక పలుచని పొర, ఒక స్ప్రింగు, రెండు విద్యుత్ స్పర్శలు. ఒత్తిడి లేనప్పుడు స్ప్రింగు ఆ స్పర్శలను కలిపి ఉంచుతుంది, దీపం వెలుగుతుంది. నూనె ఒత్తిడి పొరను నెట్టగానే అవి విడిపోతాయి, దీపం ఆరుతుంది. చాలా చిన్న కార్లలో చదరపు అంగుళానికి నాలుగు నుంచి ఏడు పౌన్ల ఒత్తిడి దగ్గర ఈ మార్పు జరుగుతుంది. అంటే ఈ వార్తాహరునికి తెలిసినవి రెండే మాటలు: ‘ఉన్నది’, ‘లేదు’. ఎంత ఉన్నదో అతనికి తెలియదు.

ఎంత ఉన్నదో చెప్పగల పరికరం వేరే ఉన్నది. పారిస్ నగరంలో యూజీన్ బోర్డన్ అనే యంత్రనిర్మాత 1849లో దానికి పేటెంటు పొందాడు. జాతరలో పిల్లలు ఊదే కాగితపు గొట్టం మీకు తెలుసు. ఊదితే విచ్చుకుంటుంది, ఆపితే చుట్టుకుంటుంది. బోర్డన్ మీటరులో ఉన్నది అటువంటిదే: వంచిన, నొక్కిన ఒక లోహపు గొట్టం. లోపల ఒత్తిడి పెరిగితే అది కొద్దిగా విచ్చుకుని ముల్లును కదిలిస్తుంది. దీనికి విద్యుత్తు అక్కరలేదు, తీగ అక్కరలేదు. పాతకాలపు కార్లు అనేకంలో ఇంజను నుంచి సన్నని గొట్టం నేరుగా ఇటువంటి మీటరుకే వచ్చేది. ఆ ముల్లు స్థానంలో తర్వాత దీపం వచ్చింది. ఖర్చు తగ్గింది, చెప్పే విషయమూ తగ్గింది.

ఈ శాస్త్రమంతా నిత్యజీవితంలో ఎలా పనికివస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. మా మిత్రులొకరు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు. పాత చిన్న కారు ఒకటి ఉన్నది. 1939లో ప్రారంభమైన ఆ రాతి కట్టడం, ఆర్ట్స్ కళాశాల, ముందు నుంచి బయలుదేరి, చెట్ల నీడలో కొంత దూరం వచ్చి, తార్నాక కూడలి చేరడం వారి నిత్య ప్రయాణం. మే మాసపు మధ్యాహ్నం. ఆవరణలో ఉన్నంతసేపూ దీపం లేదు. తార్నాక దగ్గర బండ్ల బారులో కారు ఆగి, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు దీపం రెపరెపలాడింది. బారు కదిలి, వేగం అందుకోగానే ఆరిపోయింది. మరునాడూ అంతే.

వారికి రెండు సలహాలు దొరికాయి. ఒక గారేజీవారు, ‘ఇంజను బోరుకు వచ్చింది, విప్పవలసిందే’ అన్నారు. ఖర్చు ఆ కారు విలువలో సగం. బంధువు ఒకాయన, ‘ఏమీ లేదు బావగారూ, సెన్సారు పాడై ఉంటుంది. ఆ తీగ ఊడదీసి హాయిగా తిరగండి’ అన్నాడు. మొదటి మాట వింటే పెట్టె ఖాళీ. రెండవ మాట తప్పైతే ఇంజను ఖాళీ. విశేషమేమంటే, ఇద్దరిలో ఏ ఒక్కరూ ఏమీ కొలవలేదు.

ఇక్కడి చిక్కు ఏమిటో గమనించండి. నూనె వేడెక్కితే పలుచబడుతుంది. ఇంజను మెల్లగా తిరిగితే పంపూ మెల్లగానే తిరుగుతుంది. కనుక ఒత్తిడి అన్నిటికన్న తక్కువగా ఉండేది ఎండలో, ఆగిన బారులో. బేరింగులు నిజంగా అరిగిన ఇంజను మొదట దీపం చూపేది అప్పుడే. సెన్సారులో స్ప్రింగు, పొర పాడై, తక్కువ కాని ఒత్తిడిని కూడా తక్కువే అని చెప్పే రోగం బయటపడేదీ అప్పుడే. నిజం చెప్పే సాక్షి, అబద్ధం చెప్పే సాక్షి ఒకే చోట, ఒకే వేళ, ఒకే మాట చెబుతున్నారు. ఇక దీపాన్ని ఎంతసేపు చూసినా ప్రయోజనమేమి?

తార్నాక వెనుక వీధులలో ఒక ముసలి మెకానిక్కు ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. మా మిత్రుని కారు ఆయన దగ్గరకు చేరింది. ఆయన చేసిన పరీక్ష క్రమమే మనకు పాఠం.

మొదట ఇంజను ఆపించాడు. కారు సమతలం మీద ఉన్నదని చూసుకుని, నూనె తొట్టిలోకి దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగి, కొలపుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. నూనె రెండు గుర్తుల నడుమ ఉన్నది. వేళ్ల మధ్య రుద్ది చూశాడు, వాసన చూశాడు. పెట్రోలు కలసిన జాడ లేదు. ఏ రకం నూనె పోశారో, ఎప్పుడు మార్చారో అడిగాడు. పుస్తకంలో చెప్పిన దానికన్న పలుచని నూనె పోసినా ఒత్తిడి తగ్గుతుంది మరి. ఇంజను చప్పుడు విన్నాడు, టకటకలు లేవు.

రెండవది, తీగ. సెన్సారు మీది తీగ ఊడదీసి, తాళం తిప్పి చూశాడు. దీపం ఆరి ఉన్నది. తీగ కొసను ఇంజను లోహానికి తాకిస్తే వెలిగింది. తీగ ఊడదీసినా దీపం వెలుగుతూనే ఉంటే, తీగ ఎక్కడో ఒరుసుకుని కారు శరీరానికి తగులుతున్నదని అర్థం. తాకించినా వెలగకపోతే బల్బు గాని, తీగ గాని తెగిందని అర్థం. ఇక్కడ మా మిత్రుడు ఆత్రపడి, ‘తీగ తీయగానే దీపం ఆరిందిగా ఉస్తాద్, అయితే సెన్సారే పాడు’ అన్నారు.

‘లేదు సార్,’ అన్నాడాయన. ‘తీగ మంచిగున్నదని తెలిసింది, అంతే. సెన్సారు నిజం చెప్పినా తీగ తీస్తే దీపం ఆరుతది. మీటరు పెట్టంది నేనేం చెప్ప.’

ఈ మాట బంగారం. చాలామంది ఈ రెండవ మెట్టు మీదనే ఆగిపోయి తీర్పు చెబుతారు. వార్తాహరుని నోరు మూస్తే వార్త ఆగుతుంది, యుద్ధం ఆగదు.

మూడవది, మీటరు. ఇంజను చల్లారిన తర్వాత సెన్సారు విప్పి, అదే రంధ్రంలో బోర్డన్ మీటరు గొట్టం బిగించాడు. చేతిబ్రేకు వేసి, ఇంజను నడిపి, బాగా వేడెక్కేదాకా ఓపిక పట్టాడు. చల్లని ఇంజను మీద చూసిన కొలత ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది, దానిని నమ్మరాదు. వేడి మీద, మెల్లగా తిరిగేటప్పుడు ముల్లు 18 పౌన్ల దగ్గర నిలిచింది. వేగం పెంచితే 45కు పోయింది. వేయి చుట్లకు పది పౌన్ల చొప్పున ఉంటే చాలునని మెకానిక్కులలో ఒక మోటు లెక్క ఉన్నది. అసలు ప్రమాణం ఆ కారు తయారుచేసినవారి పుస్తకంలోని అంకె. రెండింటికీ సరిపోయింది. ఏడు పౌన్లకు పైన ఎన్నడూ వెలగకూడని దీపం 18 దగ్గర వెలుగుతున్నదంటే అబద్ధం ఎవరిదో తేలిపోయింది. విప్పిన సెన్సారు తీగ తగిలించే కొస నూనెతో తడిసి ఉన్నది. లోపలి పొర చిల్లిపడి నూనె పైకి వస్తున్నది. కొన్ని వందల రూపాయల కొత్త సెన్సారుతో పని ముగిసింది. విప్పవలసిందేనన్న ఇంజను విప్పకుండానే బాగుపడింది.

మీటరు ఆరేడు పౌన్ల దగ్గర నిలిచి ఉంటే? అప్పుడు దీపానికి నమస్కరించి, కారును తోయించుకుని పోవలసిందే. పంపు, వడపోత జాలి, ఒత్తిడి కవాటం, బేరింగులు, ఈ వరుసలో వెతకాలి. అటువంటప్పుడు కొత్త సెన్సారు బిగించడం పుండు ఒకచోట, మందు ఒకచోట అన్నట్లే.

బిగించేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఇంజను చల్లగా ఉండాలి. సెన్సారుకు తగిన లోతైన పానా వాడాలి. దాని మర సన్ననిది, బలప్రయోగం చేస్తే ఇంజనులోని మరే చెడుతుంది. కుళాయిలకు చుట్టే తెల్లటేపు దట్టంగా చుట్టకూడదు. ఒకే తీగ ఉన్న సెన్సారుకు రెండవ దారి ఆ మర ద్వారానే ఇంజను లోహంలోకి పోతుంది. టేపు దానికి అడ్డం కావచ్చు, తెగిన ముక్క నూనె దారిలో పడవచ్చు. బిగించిన తర్వాత ఇంజను నడిపి, చెమ్మ కనిపిస్తున్నదేమో చూసి, కొలపుల్ల మరొకసారి చూడాలి.

ఇటీవలి కార్లలో మూడు తీగల సెన్సార్లు ఉన్నాయి. అవి అయిదు వోల్టుల సరఫరా తీసుకుని, ఒత్తిడి ఎంతో లెక్కగా కారులోని కంప్యూటరుకు తెలుపుతాయి. వాటి తీగలను లోహానికి తాకించే ప్రయోగం చేయరాదు, కంప్యూటరు చెడుతుంది. అయినా మూడవ మెట్టు మారలేదు. సందేహం వచ్చినప్పుడు వాటికీ తుది సాక్షి ఆ బోర్డన్ మీటరే.

చివరగా, వెలిగే దీపం కన్న ఎన్నడూ వెలగని దీపం ప్రమాదం. బల్బు మాడినా, తీగ తెగినా, సెన్సారు మూగబోయినా దీపం చీకటిగా ఉంటుంది. మనం నిశ్చింతగా ఉంటాం. అందుచేత రోజూ తాళం తిప్పినప్పుడు ఇంజను నడపడానికి ముందు ఒక్క క్షణం ఆగి, ఆ ఎర్రని కొమ్ముచెంబు వెలిగిందా అని చూడండి. వెలగకపోతే ఆ దినమే చూపించండి. ప్రయాణంలో వెలిగితే రోడ్డు పక్కకు తీసి, మరుక్షణమే ఇంజను ఆపండి. ఇల్లు ఇంకెంత దూరం అన్న లెక్క వేయకండి. దీపం నిజం చెప్పిందా, అబద్ధం చెప్పిందా అన్న విచారణ తర్వాత తీరికగా చేసుకోవచ్చు. ఆపిన ఇంజనుకు ఆ తీరిక ఉంటుంది. నడుస్తున్న ఇంజనుకు ఉండదు.