సిటీ పోలీసు జట్టు – పెద్దల ముచ్చట

ముదుసళ్ళు ఇరువురు ఒకచోట చేరినచో గడచిన దినములనే పొగడుదురని లోకములో ఒక అపవాదు గలదు. సంగీతమైనను, నాటకమైనను, మామిడిపండైనను వారి కాలముననే బాగుండెనట, నేటివన్నియు చప్పబడెనట. నేనును అరువదియేండ్లు దాటినవాడను గనుక ఆ అపవాదులో నాకును వాటా గలదు. అయితే పెద్దల పొగడ్తలన్నియు ఒక్క తక్కెడలో తూచదగినవి కావు. కొన్ని వట్టి వలపోతలు. కొన్ని లెక్కకు నిలుచునవి. లెక్కకు నిలిచిన అట్టి పొగడ్త ఒకదానిని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. అది హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టును గూర్చినది.

సంప్రదాయ విద్య చదివిన తెలుగు పంతులు ఫుట్‌బాలు మాట యెత్తుట యేమని శ్రోతలలో కొందరు నవ్వుకొనవచ్చును. బంతియాట మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. దండి దశకుమారచరితములో కందుకావతి యను రాజకుమారి బంతియాట వర్ణన గలదు. అయితే అది చేతిబంతి. కాలితో తన్ను ఈ ఆట తెల్లవారి సేనలతో మన దేశమునకు వచ్చినది. సికిందరాబాదు దండుబస దానికి ఒక నెలవైనది. దీనిని 'పాదకందుకము' అని తెనిగించుట నాకు కష్టము కాదు గాని, ఆ పేరుతో పిలిచినచో ఆడుటకు పిల్లవాడొక్కడును రాడు. కాబట్టి జనులు పలుకు మాటనే నేనును పలికెదను.

మా అనకాపల్లి బెల్లమునకు పేరుగన్న ఊరు, ఫుట్‌బాలునకు కాదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట మా వైపునుండి గుమాస్తాలుగను, ఉపాధ్యాయులుగను హైదరాబాదు చేరినవారు గలరు. వారిలో కొందరు పదవీ విరమణానంతరము ఊరికి మరలి వచ్చిరి. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో సాయంకాలము బడి విడిచిన పిదప వారి అరుగుల చెంత కూర్చుండి వారి మాటలు వినుట నాకు అలవాటు. రాజకీయములతో ఆరంభమైన ముచ్చట ఎట్లో ఫతేమైదానము చేరెడిది. నూర్ మహమ్మదు గొప్పవాడా, అజీజుద్దీను గొప్పవాడా యని తగవు మొదలయ్యెడిది. కచేరీలలో ఇరువదియేండ్లు అలవరచుకొనిన నాగరక భాష, వాదము ముదిరిన వెంటనే మాయమగుచుండెను.

"ఏటి బావా, నూరు ఆట సూడనోడివి, నీకేటి తెల్సు?" అని ఒకరు.

"నువ్వు సూసినావేటి?" అని మరియొకరు.

"సూసినోడు సెప్పగా ఇన్నాను" అని మొదటివారు, ఏమాత్రము తగ్గక.

ఈ తగవులో తమాషా యేమనగా, ఆ జట్టు మహోన్నత దశలో నున్న 1950–54 నాటికి మా పెద్దలు హైదరాబాదు చేరనేలేదు. తరువాతి యేండ్ల ఆటలు కొన్ని కన్నులార చూచిరి. ముందటి వానిని పాతబస్తీ స్నేహితులనుండి వినిరి. చూచినదెంతయో, విన్నదెంతయో వారికే వేరుపడలేదు.

తర్కము చదివినవారికి ఇచట ఒక చిక్కు తోచును. అనుభవము మనస్సున విడిచిన ముద్రనుండి కలుగునది జ్ఞాపకమని తార్కికులందురు. అనుభవమే లేనిచో జ్ఞాపకమెక్కడిది? కావున మా పెద్దల మాట కొంత స్మృతి, కొంత శబ్దము. నా మాట సాంతము శబ్దమే. శబ్దము ప్రమాణము కావలెనన్న చెప్పువాడు ఆప్తుడై యుండవలెను. అనగా ఉన్నదున్నట్లు చెప్పువాడై యుండవలెను. అభిమానము గలవానికి ఇది మిక్కిలి కష్టమైన వ్రతము. అయినను మొదట ఉన్నదున్నట్లు చెప్పుదును.

బొంబాయిలో రోవర్సు కప్పు అను గొప్ప పోటీ జరుగుచుండెడిది. 1950, 1951, 1952, 1953, 1954 – ఈ అయిదు సంవత్సరములును వరుసగా ఆ కప్పు సిటీ పోలీసు జట్టుకే దక్కెను. 1950లోనే డ్యూరాండు కప్పు కడపటి పందెములో కలకత్తా మోహన్ బగాను జట్టును ఓడించి ఆ కప్పును గూడ తెచ్చుకొనిరి. వీరు సంపన్నుల బిడ్డలు కారు. పోలీసు కొలువులో నెల జీతమునకు పనిచేయువారు. 1956–57, 1957–58 సంవత్సరములలో రాష్ట్రముల నడుమ జరుగు సంతోషు ట్రోఫీని హైదరాబాదు వరుసగా రెండుసార్లు గెలిచెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సునకు వెళ్ళిన భారత జట్టులో పీటరు తంగరాజు, అజీజుద్దీను, నూర్ మహమ్మదు, అహమ్మదు హుస్సేను, సలాము, జుల్ఫికరుద్దీను, తులసీదాసు బలరామను – వీరందరును హైదరాబాదు నీరు త్రాగి పెరిగినవారే. ఒక్క నగరమునుండి ఇందరు!

ఇంతవరకు మా పెద్దలు చెప్పినది సత్యమే. అయితే వారి ముచ్చటలో ఒక లోపము నాకు ఎప్పుడును కనబడుచుండెడిది. వారు ఆటగాండ్రను దేవతలవలె స్తుతించి, "అట్టివారు ఇక పుట్టరు" అని నిట్టూర్చి లేచిపోవుచుండిరి. స్వర్ణయుగము ఆకసమునుండి ఊడిపడినదన్నట్లు వారి మాట. అది సరికాదు. ఆ బంగారము కరగించి పోత పోసినవాడు ఒకడు గలడు. ఆయన బడిపంతులు.

సయ్యదు అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, పిమ్మట భారత జట్టునకే గురువయ్యెను. ఆయన బోధన యెట్టిదో చూడుడు. బంతిని ఒక్కడే కాలికి అంటిపెట్టుకొని పరుగెత్తుటను నిషేధించి, వెంటనే తోడివానికి అందీయవలెనను నియమముతో కుఱ్ఱవాండ్రకు పందెములు పెట్టెను. బలములేని కాలితోనే తన్నవలెనను నియమముతో మరికొన్ని పెట్టెను. పంతుళ్ళకు ఇందలి మర్మము తెలియును. లెక్కలు వచ్చినవానిచే మరల లెక్కలే చేయించి మెప్పుపొందుట సులభము. వానికి రాని వ్యాకరణమును విసుగక చదివించుట కష్టము. ఎడమకాలు పనికిరానివాడు సగము ఆటగాడు. తనకొక్కనికే బంతి కావలెననువాడు ఆ సగమును కాడు.

మా ఊరివాడనై యీ మాట మా ఊరి రీతిగనే చెప్పెదను. చెరకురసము తనంతట బెల్లము కాదు. పెనములో పోసి, మంట హెచ్చక తగ్గక కనిపెట్టి, పైకి తేలిన మడ్డిని ఎప్పటికప్పుడు తీసివేసి, పాకము కుదిరిన క్షణమున దించవలెను. ఆ క్షణము తప్పినచో దిమ్మ సరిగా కట్టదు. దిమ్మను పొగడువారు పెనము చెంత పొగలో నిలిచినవానిని తలవరు. రహీం ఆ పొగలో ఇరువది సంవత్సరములు నిలిచెను.

ఆప్తవాక్యము గెలుపులనే కాదు, ఓటమిని గూడ చెప్పవలెను. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో మనవారు యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడిపోయిరి. అప్పుడు మనవారిలో పలువురు వట్టి కాళ్ళతోనే ఆడిరి. ఆ జట్టునకు గురువు రహీమే. అందులో నూర్, అజీజుద్దీనులును గలరు. అరుగులమీది ముచ్చటలో హెల్సింకి పేరు నేనెన్నడును వినలేదు. కాని ఆ ఓటమి తెలియనిదే తరువాతి గెలుపు విలువ తెలియదు. నాలుగేండ్లకు మెల్బోర్నులో అదే గురువు, అదే దేశము: ఆస్ట్రేలియాను 4–2గా గెలిచి, ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదయ్యెను. పతకము దక్కలేదు, నాలుగవ స్థానము దక్కెను. 1958లో బ్రెజిలు లోకప్రసిద్ధము చేసిన 4-2-4 వ్యూహమును రహీం అంతకుముందే మనవారిచే ఆడించెనని అభిమానులు వాదింతురు. ఆ వాదము లేకున్నను ఆయనకు తక్కువ లేదు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల కడపటి పందెము. తొలిదశలో మనలను 2–0గా ఓడించిన దక్షిణ కొరియాయే ఎదుట నిలిచెను. చూడవచ్చిన జనసముద్రము మనకు ప్రతికూలము. తలకు కుట్లుపడిన జర్నైలుసింగును రక్షణ వరుసనుండి తప్పించి, రహీం ముందువరుసలో నిలిపెను. ప్రదీపుకుమారు బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైలుసింగే ఒక గోలు చేయగా 2–1గా స్వర్ణపతకము మనకు వచ్చెను. గోలు కాచినవాడు మన తంగరాజు. బలరామనును, యూసుఫుఖానును ఆ జట్టులోనివారే. అప్పటికే రహీం శరీరమును పుట్టవ్రణము, అనగా నేడు క్యాన్సరు అనబడు వ్యాధి, తినివేయుచుండెను. 1963 జూను 11న ఆయన మరణించెను. ఆయన కుమారుడు హకీము సైతము 1960 రోము ఒలింపిక్సు జట్టులోనివాడే.

బలరామను సికిందరాబాదు చెంత అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబమున పుట్టెను. అంతదూరమునుండి నిత్యము నగరమునకు వచ్చి అభ్యాసము చేయుటకు చేత డబ్బు లేదని చెప్పగా, రహీం అద్దె సైకిలుకు ఏర్పాటు చేసెను. నా ఉద్యోగపు చివరి దినములలో పదవ తరగతి పిల్లలను, ఒలింపిక్సులో ఆడిన మన ఫుట్‌బాలు ఆటగాండ్ర పేర్లు చెప్పుమంటిని. మెస్సీ, రొనాల్డోల పేర్లు తడుముకొనక చెప్పిరి. మనవారి పేరు ఒక్కటియు రాలేదు. అప్పుడు ఈ సైకిలు కథ చెప్పితిని. ప్రక్కయూరినుండి సైకిలుమీద బడికి వచ్చు పిల్లవాడొకడు లేచి, "ఆ మాస్టారు లేకపోతే ఆయన ఆడేవాడు కాదాండీ?" అని యడిగెను. నలుబది మినిట్ల పాఠములో నేను చెప్పదలచినదంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

ఇక వీరు మనవారా యని కొందరడుగుదురు. రహీం, నూర్‌ల ఇంటిభాష ఉర్దూ, బలరామనుది తమిళము, ఆ అయిదు రోవర్సు కప్పుల కాలమున మా అనకాపల్లి హైదరాబాదు రాజ్యములోనిది కాదు, 2014 తరువాత హైదరాబాదు మా రాష్ట్రములోనిదియు కాదు. రాజ్యముల ఎల్లలు మారుచుండును. ఒకని ఘనతను ఎవరు శ్రద్ధతో తలచి, సత్యముగా చెప్పి, పిల్లలకు అందింతురో వారికే అతడు చెందును. పెన్నిధి ఉన్నచోటికంటె దానిని కాపాడువాడు ముఖ్యము.

రహీం పోయిన పిదప 1965–66లో ఆంధ్ర జట్టు సంతోషు ట్రోఫీ గెలిచెను. 1970 బాంకాకు ఆసియా క్రీడలలో హైదరాబాదు నయీముద్దీను నాయకత్వమున భారతమునకు కాంస్యము వచ్చెను. మంచి ఆటగాండ్రను కలకత్తా క్లబ్బులు పిలుచుకొనుచునే యుండెను. బలరామనును 1957లోనే ఈస్టు బెంగాలునకు వెళ్ళెను. ఆయన 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తనువు చాలించెను. 2024లో రహీం జీవితముపై 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చినది. మంచిదే. కాని తెరమీద కనబడునది నటుని ఆట. నూర్ మహమ్మదు ఆట చూచినవారి కన్నులలోనే మిగిలినది. ఆ కన్నులు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. 1957లో పన్నెండేండ్ల బాలుడై ఫతేమైదానము గోడయెక్కి ఆట చూచినవానికి నేడు ఎనుబదియేండ్లు.

శ్రోతలారా, మీ యింటనో, మీ వీధిలోనో అట్టి పెద్దవారుండినచో ఒక సాయంకాలము వారి చెంత కూర్చుండుడు. వారు పొగడుదురు, పొగడనిండు. పిదప మెల్లగా అడుగుడు: ఏ యేడు, ఏ మైదానము, ఎవరు ఎవరికి బంతి అందించిరి, ఎవరి వద్ద నేర్చిరి? చూచినదేదో విన్నదేదో వేరుచేసి వ్రాసియుంచుడు. గెలుపును వ్రాయుడు, ఓటమిని వ్రాయుడు, గురువు పేరు తప్పక వ్రాయుడు. "అట్టివారు ఇక పుట్టరు" అను మాటను మాత్రము వ్రాయవలదు. దానిని చదివిన పిల్లవాడు బంతిని ప్రక్కన పెట్టివేయును.