సబ్సిడీ సరే, పాసు పుస్తకంలో పేరెవరిది?

కిందటిసారి పెరటి కూరగాయల గురించి మాట్లాడాక కొందరు ఫోన్లు చేశారు, ఇద్దరు ఉత్తరాలే రాశారు. అందరి ప్రశ్నా దాదాపు ఒక్కటే. "అమ్మా, మాకు రెండెకరాలుంది. గవర్నమెంటు వాళ్ళు సబ్సిడీ ఇస్తారట గదా, ఎవర్ని అడగాలి?" అని.

ఎవర్ని అడగాలో చెప్పటం తేలికే. మీ వూళ్ళో రైతు సేవా కేంద్రం ఉంటుంది, బ్యాంకు ఉంటుంది, మీ పొదుపు సంఘం ఉంటుంది. కానీ అడగబోయే ముందు ఇంట్లో ఇనప్పెట్టె తీసి చూసుకోవలసిన కాగితం ఒకటుంది. అది చూసుకోకపోవటం వల్ల మా పుట్టింట్లో ఏం జరిగిందో ఇవాళ చెబుతాను. ఇంటి గుట్టు రేడియోలో చెప్పటమేమిటని మా అక్క కోప్పడినా సరే!

మా పుట్టిల్లు మదనపల్లె వైపు. టమోటా, వేరుశనగ, గట్టు మీద నాలుగు మామిడి చెట్లు. బోరు నీళ్ళే ఆధారం. మొత్తం రెండెకరాల ముప్పై సెంట్లు. రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు రైతు, ఐదెకరాల లోపయితే చిన్నకారు రైతు అంటారు గదా, ఆ లెక్కన మాది సన్నకారు కుటుంబం. మా నాన్న 2011లో పోయారు. అన్న 2019లో పోయాడు. అప్పట్నించీ సేద్యమంతా మా వదినదే. కలుపు, నాటు, మందు కొట్టటం, తెల్లవారుజామున మూడింటికి టమోటా బాక్సులు మార్కెట్టుకి ఎక్కించటం, అన్నీ ఆవిడే.

బోర్లో నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. 2022 ఎండాకాలంలో డ్రిప్పు పెట్టించుకుందామని వదిన రైతు భరోసా కేంద్రానికి వెళ్ళింది. అప్పట్లో ఆ పేరే, తర్వాత రైతు సేవా కేంద్రం అయింది. అక్కడి అబ్బాయి మర్యాదగానే కూర్చోబెట్టి పాసు పుస్తకం చూపమన్నాడు. చూసి, "ఈ పేరు గల ఆయన రావాలమ్మా" అన్నాడట.

"ఆయన నా మామ. పోయి పదకొండేండ్లయింది నాయనా."

"అయితే మీ ఆయన్ని రమ్మనండి."

"ఆయనా పోయినాడు."

ఆ అబ్బాయి ఏం చేస్తాడు పాపం! ఆ కాగితంలో వదిన పేరు లేదు. మా అన్న పేరూ లేదు. చనిపోయిన మనిషి పేరున డ్రిప్పు ఇవ్వటానికి కుదరదు. తప్పు ఆఫీసుది కాదు, మాది. నాన్న దినం అయిపోయాక, "భూమి ఎక్కడికి పోతుంది, తర్వాత చూద్దాం" అనుకున్నాం అందరం. ఆ 'తర్వాత' పదకొండేళ్ళయింది.

ఆ నిర్లక్ష్యం ఖరీదు డ్రిప్పొక్కటే అనుకునేరు. 2018 డిసెంబరు నించీ కేంద్రం రైతు కుటుంబానికి ఏటా ఆరు వేలు, మూడు విడతలుగా రెండేసి వేలు ఇస్తోంది గదా, అది మా వదినకి రాలేదు. మా అన్న బతికుండగా ఆయనకీ రాలేదు. భూమి రికార్డులో వాళ్ళ పేర్లుంటే గదా!

ఇక్కడ కొంచెం వెనక్కి వెళతాను. మా చిన్నతనంలో మా ఇంట్లో ఐ.ఆర్.డి.పి. సీమావు ఉండేది. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకమని 1978-79లో మొదలుపెట్టి, 1980 అక్టోబరు 2 నించి దేశమంతా అమలు చేశారు. చిన్నకారు రైతుకి నాలుగో వంతు, సన్నకారు రైతుకీ కూలీకీ మూడో వంతు, షెడ్యూల్డు కులాల, తెగల వాళ్ళకి సగం సబ్సిడీ. మిగతాది బ్యాంకు అప్పు. ఆవుకి ఇన్సూరెన్సు, చెవికి బిళ్ళ. ఆవు చచ్చిపోతే ఆ బిళ్ళ చూపిస్తేనే ఇన్సూరెన్సు సొమ్ము. అందుకని మా అమ్మ రోజూ పొద్దున్నే పాలు పితికే ముందు బిళ్ళ ఉందో లేదో తడిమి చూసేది! అప్పు కాగితం మీద వేలిముద్ర మాత్రం నాన్నది. పేడ ఎత్తిందీ, పాలు పోసి ఆ డబ్బుతో వాయిదాలు కట్టిందీ అమ్మ. "నా ఆవు" అనేది అమ్మ. బ్యాంకు లెక్కలో ఆ ఆవు ఎప్పుడూ నాన్నదే.

అమ్మ కథే మళ్ళీ వదిన కథ అయింది. 2015-16 వ్యవసాయ గణనలో చూస్తే దేశం మొత్తం కమతాల్లో ఆడవాళ్ళు నడుపుతున్నట్టు లెక్కకెక్కినవి నూటికి పద్నాలుగు. పొలంలో వంగి పనిచేసేవాళ్ళు నూటికి పద్నాలుగుమందేనా? మీరే చెప్పండి.

సరే, పేరు మార్పించుకుందామని బయల్దేరితే అసలు సంగతి అప్పుడు బయటపడింది. నాన్న వీలునామా రాయలేదు. అంచేత ఆయన భూమికి వారసులు అమ్మ, అన్న, అక్క, నేను. అవును, నేను కూడా! ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం సవరించి ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని ఆడపిల్లలకి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చారు. 2005లో దేశమంతటా, పెళ్ళయినవాళ్ళకీ పెళ్ళికానివాళ్ళకీ తేడా లేకుండా చేశారు. అన్న వాటాలో మళ్ళీ వదిన, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అంటే మా వదిన డ్రిప్పు పైపు పొలంలోకి దిగాలంటే నా సంతకం కావాలి.

దాచుకోవటం ఎందుకు, నాకు మనసు పీకింది. మా ఆయన, "ఊరికే రాసిచ్చేస్తావా? రేపు మీ మేనల్లుడు అమ్మేస్తే?" అన్నారు. అందులోనూ న్యాయముంది. సెంటు భూమి విలువ ఎంతో నాకూ తెలుసు. అక్కకి ఇద్దరాడపిల్లలు, చేతిలో డబ్బాడదు. తన భాగం తనకి కావాలంది. వూళ్ళో కొందరు ఆవిణ్ణి తప్పుపట్టారు. నేను పట్టను. చట్టమిచ్చింది అడిగింది, ఎవర్నీ మోసం చేయలేదు.

పెద్దమనుషులు కూర్చున్నారు. "ఆడమనిషి పేర పెట్టటమెందుకు, పిల్లోడికి ఇరవై రెండేళ్ళొచ్చినాయి, వాడి పేర పెడితే మళ్ళీ రెండో పనుండదు" అన్నారు. ఎప్పుడూ పదిమందిలో నోరెత్తని మా వదిన అప్పుడంది: "పిల్లోడు బెంగుళూర్లో ఉండాడు. మడిలో ఉండేది నేను. రేపు ఆఫీసరొచ్చి ఈ మడి ఎవరిదంటే నేనేం చెప్పేది?"

ఆ మాటతో నా సంతకం సంగతి తేలిపోయింది. నా భాగం వదులుకుంటాను, కానీ పుస్తకం వదిన పేరునే రావాలి అన్నాను. అమ్మా ఒప్పుకుంది, పిల్లలిద్దరూ ఒప్పుకున్నారు. అక్కకి యాభై సెంట్లు, అదీ బావ పేరున కాదు, అక్క పేరునే. మిగతా ఎకరా ఎనభై సెంట్లు వదినకి. అందరం కలిసి భాగపరిష్కార దస్తావేజు రిజిస్ట్రీ చేయించుకున్నాం. నేను వదులుకున్నానని మిమ్మల్నీ వదులుకోమంటున్నానని అనుకోకండి. మీ సంగతి మీకు తెలుస్తుంది. వదులుకునేదేదో తెలిసి వదులుకోండి, ఎవరో చెయ్యి పట్టి పెట్టిస్తే పెట్టకండి.

ఇక కాగితాల బాధ! నాన్నదీ అన్నదీ మరణ ధృవీకరణ పత్రాలు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, దస్తావేజు, ఆధార్లు. వదిన ఆధార్లో పుట్టింటి ఇంటిపేరు, రేషను కార్డులో మా ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేదు. ముగ్గురు మనుషులైపోయింది ఒక్క మనిషి! ఇది మనలో చాలామందికి ఉన్న చిక్కే. అవన్నీ ఒక్క తీరుకి తేవటానికే నాలుగు నెలలు పట్టింది. మొత్తం మీద మ్యుటేషనయి 1-బిలో వదిన పేరు వచ్చేసరికి పద్నాలుగు నెలలు.

ఆ తర్వాత డ్రిప్పు సంగతి చకచకా జరిగింది. కేంద్రం లెక్కలో చిన్న, సన్నకారు రైతులకి యూనిట్ ఖర్చులో 55 శాతం, మిగతావాళ్ళకి 45. రాష్ట్రం తన వంతు కలపటం వల్ల మన దగ్గర చిన్న రైతుకి 90 శాతం దాకా వచ్చింది. రైతు వాటా కట్టాక కంపెనీ వాళ్ళు పైపులు పరుస్తారు, అధికార్లు వచ్చి చూసుకుంటారు, సబ్సిడీ కంపెనీకి పోతుంది. రూపాయి కూడా మీ చేతికి రాదు. "సబ్సిడీ తెప్పిస్తా, నాకు పది వేలివ్వు" అంటూ ఒక పెద్దమనిషి మా వదిన గుమ్మం దాకా వచ్చాడు. మజ్జిగిచ్చి పంపించింది.

బ్యాంకుతో ముడిపడ్డ సబ్సిడీలు వేరే తీరు. ఉదాహరణకి, పచ్చళ్ళు, బెల్లం, అప్పడాల వంటి చిన్న తయారీలకని 2020లో వచ్చిన కేంద్ర పథకం తీసుకోండి. అందులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా పది లక్షలు. కనీసం పది శాతం మీరు పెట్టాలి, తక్కినది అప్పు. సబ్సిడీ సొమ్ము బ్యాంకులోనే మీ అప్పు పక్కన మూడేళ్ళుంటుంది, మీరు వాయిదాలు సక్రమంగా కడితేనే అప్పులో జమ అవుతుంది. ముందు డబ్బొస్తుంది, దాంతో గోడ కట్టేద్దాం అనుకుంటే కుదరదు. సబ్సిడీ రాకపోయినా ఈ పని చేసేదాన్నేనా అని ఒక్కసారి మిమ్మల్ని మీరు అడుక్కోండి. కాదంటే ఆ అప్పు జోలికి పోకండి.

వదినకి మేకలు పెంచాలనుంది. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో సగం సబ్సిడీ ఉందని ఎవరో చెప్పారట. వివరం కనుక్కుంటే కనీసం నూరు ఆడమేకలు, ఐదు పోతులు ఉండాలిట! ఎకరా ఎనభై సెంట్ల మనిషి నూటఐదు మేకల్ని ఎక్కడ మేపుతుంది? పది మేకలకైతే సంఘంలో అప్పో, కిసాన్ క్రెడిట్ కార్డో మేలు. 2025 జనవరి నించి ఆ కార్డు మీద రెండు లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. ఆ కార్డు పంటకే కాదు, పాడికీ జీవాలకీ కూడా.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వదిన పాసు పుస్తకం తెచ్చి చూపించింది. ప్లాస్టిక్ కవర్లో, దానిమీద మళ్ళీ పసుపు గుడ్డ చుట్టి ఉంది. "పాపా, చదువు" అంది. ఆవిడకి చదువొచ్చు, ఏడో తరగతి దాకా చదివింది. అయినా నాచేత పేరు చదివించుకుంది. తర్వాత ఎలకలు కొరికిన డ్రిప్పు పైపు ఒకటి పట్టుకొచ్చి, "దీనికి సబ్సిడీ ఏమైనా ఉందేమో మీ రేడియోలో అడుగు" అంది!

లేదు వదినా. జాయినరు ముక్క కొని నువ్వే అతికించుకోవాలి.

సెలవు.