గొలుసు తెగిన గెలుపు

మా మేళ్లచెరువులో మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర జరుగుతుంది. స్వామిని దర్శించుకొని వెలుపలికి వచ్చిన జనము నేరుగా నడిచేది ఎడ్ల పందెముల బరి వైపునకే. నా చిన్ననాట ఒక సంవత్సరము ఒక జత ఎడ్లు బండను లాగుతూ ఉండగా, గడువు ముగిసినట్లు ఈల మోగినదో లేదో, బండకు కట్టిన గొలుసు పుటుక్కున తెగిపోయినది. బహుమానము ఆ జతకే దక్కినది. ఆ రాత్రి మా ఇంటి అరుగుమీద పెద్దలు వాదములోకి దిగినారు. “అది వట్టి అదృష్టమయ్యా! రెండు బారల ముందే తెగితే ఏమయ్యేది?” అని ఒకరు. “అంత దూరము లాగినది ఎడ్లు కావా?” అని మా తాతగారు. ఆ వాదము తెగలేదు.

చాలా ఏండ్ల తరువాత రెజ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఐర్లండు మోటారు సైకిలు పందెగాని వృత్తాంతము చదివినప్పుడు ఆ అరుగు నాకు జ్ఞాపకము వచ్చినది.

రెండవ ప్రపంచ యుద్ధములో ఐర్లండు తటస్థముగానే ఉన్నది. కాని పెట్రోలు కరువు తటస్థులను విడిచిపెట్టదు గదా! సొంత వాహనములు చాలవరకు మూలపడినవి. అందువలన యుద్ధము ముగిసిన వెంటనే అక్కడి యువకులు పందెముల మీదికి ఎంత ఆత్రముగా ఉరికినారో ఊహించవచ్చును. 1946 సెప్టెంబరులో మాన్ ద్వీపమున మాంక్స్ గ్రాండ్ ప్రీ పందెములు తిరిగి మొదలైనవి. పెద్ద పందెము గెలిచినవాడు ఎర్నీ లయన్స్, ఐర్లండు రైతు! జోరున వర్షము. ఆతడు ఎక్కిన ట్రయంఫ్ బండి ఇంజనులో సిలిండరు భాగము, యుద్ధకాలమున విమానదళము కొరకు చేసిన విద్యుజ్జనక యంత్రము నుండి తెచ్చి అమర్చినది. పందెములో బండి చట్రపు ముందు గొట్టము విరిగినది. ఆ విరిగిన బండితోనే లయన్స్ గెలుపు గీత దాటినాడు.

ఈ మాన్ ద్వీపపు సంగతి కొంత చెప్పవలెను. ఆ రోజులలో బ్రిటనులో రహదారులు మూసి పందెములు జరుపుటకు చట్టము ఒప్పేది కాదు. ఇంగ్లండుకు, ఐర్లండుకు నడుమ ఉన్న ఈ చిన్న ద్వీపమునకు తన శాసనసభ తనకున్నది, అది ఒప్పినది. టి.టి. అని పిలువబడే టూరిస్ట్ ట్రోఫీ పందెములు 1907లో అక్కడ ఆరంభమైనవి. ఒక చుట్టు ముప్పదియేడుముప్పావు మైళ్లు. ఊళ్ల నడుమ నుండి, రాతిగోడల ప్రక్క నుండి, స్నేఫెల్ కొండమీదుగా బాట పోతుంది. అందరినీ ఒక్కమారే విడువరు; కొన్ని క్షణముల ఎడముతో విడుస్తారు. కనుక పందెగాడు పోరాడేది గడియారముతో. తాను ఎన్నవవాడో తనకే రూఢిగా తెలియదు. ఆ కొండబాట మీద 1911 నుండి ఇప్పటివరకు ప్రాణములు కోల్పోయినవారు రెండువందల యాభైకి పైగా ఉన్నారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ డబ్లిన్ నగరపువాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఏర్పడిన 1949వ సంవత్సరముననే అందులో దిగినాడు. ఎ.జె.ఎస్., వెలొసెట్ వంటి బండ్లమీద మూడేండ్లు తిరిగినాడు. గ్రాండ్ ప్రీ విజయము ఒక్కటీ దక్కలేదు. 1952లో నార్టన్ సంస్థ ఆతనిని తన జట్టులో చేర్చుకొన్నది. ఆ జట్టులో అగ్రగణ్యుడు జెఫ్ డ్యూక్. రెండవ పేరుగా ఉండుట ఎంత కష్టమో కచేరీలలో ప్రక్కవాద్యము వాయించేవారిని అడిగితే చెబుతారు. నార్టన్‌ది ఒకే సిలిండరు ఇంజను. ఇటలీవారి జిలెరా, ఎం.వి. అగుస్టా బండ్లకు నాలుగు. ఆ లోటు పూడ్చినది నార్టన్ చట్రము. దానిని రూపొందించినవాడు బెల్‌ఫాస్టులో పనిచేసిన రెక్స్ మెక్‌కాండ్‌లెస్. మలుపులలో అది ఈకల పరుపువలె ఉన్నదని ఒక పందెగాడు అన్నందున ‘ఫెదర్‌బెడ్’ అనే పేరు స్థిరపడినది.

1952 జూన్‌లో జరిగిన జూనియర్ పందెములో డ్యూక్ మొదట, ఆర్మ్‌స్ట్రాంగ్ తరువాత. సీనియర్ పందెము ఏడు చుట్లు, 264 మైళ్లు. హైదరాబాదు నుండి విజయవాడ పోయి దాదాపు సూర్యాపేట దాక తిరిగి వచ్చినంత. ముందున్న డ్యూక్ బండి క్లచ్చి చెడి నిలిచిపోయినది. ఎం.వి. బండిమీద లెస్ గ్రాహం గట్టిపోటీ ఇచ్చినాడు. గంటకు సగటున దాదాపు 93 మైళ్ల వేగముతో, రెండు గంటల యాభై నిమిషములు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఒంటి సిలిండరు బండిని నడిపినాడు. గెలుపు గీత దాటుతూ ఉండగా బండి గొలుసు తెగిపోయినది!

పత్రికలు దానిని అదృష్టమన్నవి. నేను మా తాతగారి పక్షమే. తరువాతి నెలలో షాటెన్ అనే చోట డ్యూక్ గాయపడి ఆ యేడు పందెములకు దూరమైనాడు. జర్మన్ గ్రాండ్ ప్రీ స్టుట్‌గార్ట్ దగ్గరి సాలిట్యూడ్ బాటమీద జరిగినది. నార్టన్ భారము రెండవ పేరుమీద పడినది. 350, 500 సి.సి. పందెములు రెండూ ఆర్మ్‌స్ట్రాంగే గెలిచినాడు. అక్కడ ఏ గొలుసూ తెగలేదు.

అయితే ఆ టి.టి.లో రెండవవాడైన గ్రాహం మరుసటి యేడే, 1953లో, అదే సీనియర్ పందెములో మరణించినాడు. మూడవవాడు రోడీషియాకు చెందిన రే ఆమ్. 1955లో ఇటలీలోని ఇమోలాలో ప్రాణము విడిచినాడు. ఈ సంగతి తెలిసిన తరువాత అదృష్టమనే మాట నేను అంత తేలికగా కొట్టిపారవేయలేకపోతున్నాను. మా తాతగారు ఉంటే ఏమనేవారో!

ఆర్మ్‌స్ట్రాంగ్ మనసు తెలిపే ఘట్టము మరొకటి ఉన్నది. 1953 నుండి ఆతడు జిలెరా జట్టులో పేరున్న పందెగాడు. డబ్బుకు కొదువ లేదు. 1955లో హాలండులోని ఆసెన్‌లో, సొంత బండ్లతో వచ్చిన చిన్న పందెగాళ్లు తమకిచ్చే సొమ్ము దారి ఖర్చులకైనా చాలదని ఎదురు తిరిగినారు. డ్యూక్, ఆర్మ్‌స్ట్రాంగ్ వారి పక్షము నిలిచినారు. ఫలితముగా అంతర్జాతీయ సమాఖ్య వారిద్దరినీ, మరికొందరినీ, 1956 మొదటి ఆరు నెలలు పందెముల నుండి వెలివేసినది. కాలు జారని స్థితిలో ఉండి, జారినవారి కొరకు నష్టపోవుట నాకు ఆ టి.టి. గెలుపు కంటె పెద్దదిగా కనబడుతుంది.

వెలి ముగిసినది. 1956 జులైలో మళ్లీ సాలిట్యూడ్. 500 సి.సి. పందెములో జిలెరామీద ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటివాడుగా వచ్చినాడు. ఆ యేటితోనే పందెములు చాలించినాడు.