బ్యాటరీకి తగిన తీగ

(సిద్దిపేటలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



గెర్బర్ పద్ధతిలో వెన్నశాతం చూసిన రోజుల్లో గంధకామ్లం, గాజు బ్యూటిరోమీటర్లు, చేత్తో తిప్పే యంత్రం ఉంటే కరెంటు పోయినా పని ఆగేది కాదు. నేడు తూకం, పరీక్ష, చీటీ ముద్రణ అన్నీ కరెంటు మీదనే. అది పోతే బ్యాటరీయే దిక్కు. బ్యాటరీ కొనేటప్పుడు పదిమందిని అడుగుతాము. దానికి, ఇన్వర్టరుకు మధ్య వేసే తీగను మాత్రం చేతికందినది తెస్తాము. చిక్కంతా అక్కడనే ఉన్నది.

1000 వాట్ల పనికి 230 వోల్టుల దగ్గర నాలుగైదు ఆంపియర్లు చాలు. అదే పనికి 12 వోల్టుల బ్యాటరీ, ఇన్వర్టరులో పోయే నష్టంతో కలిపి, సుమారు 100 ఆంపియర్లు ఇవ్వాలి. 5 హార్స్‌పవర్ మోటారుకు అరంగుళం పైపు తగిలిస్తే ఏమవుతుందో సేద్యం చేసే మీకు మేము చెప్పనక్కరలేదు.

లెక్క సులభమే. రాగి తీగకు పోయే దారి, తిరిగివచ్చే దారి కలిపి మీటర్లలో తీసుకోండి. దానిని ఆంపియర్లతోను, 0.018తోను గుణించి, తీగ మందపు చదరపు మిల్లీమీటర్లతో భాగించండి. వచ్చేది దారిలో పోయే వోల్టులు.

బ్యాటరీ 2 మీటర్ల దూరంలో ఉన్నదనుకుందాం. రెండు దారులు కలిపి 4 మీటర్లు. 100 ఆంపియర్లకు ఇంటి వైరింగులో వాడే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 1.8 వోల్టులు దారిలోనే పోతాయి. ఇన్వర్టరుకు 10.2 మాత్రమే అందుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా, అయిపోయిందనుకొని ఇన్వర్టరు ఆగవచ్చు. తీగ కాగి తొడుగు కరిగి నిప్పంటుకునే ప్రమాదమూ ఉన్నది. 16 వేస్తే 0.45, 35 వేస్తే 0.2 వోల్టు పోతుంది. పావు వోల్టు దాటకుండా చూచుకోవడం మంచిది. కనుక ఇక్కడ 35 కావాలి. లెక్క నేటి సామానుకు కాక ఇన్వర్టరు పూర్తి శక్తికి వేయండి. రేపు ఎవరో ఒకరు అదనంగా ఫ్యాను తగిలిస్తారు.

మరికొన్ని జాగ్రత్తలు. ఇన్వర్టరును బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. అల్యూమినియం తీగ అయితే రాగికి ఒకటిన్నర రెట్లకు పైగా మందం కావాలి. రెండు బ్యాటరీలను ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపినప్పుడు ఇన్వర్టరుకు ప్లస్సు ఒక చివరి బ్యాటరీ నుండి, మైనస్సు రెండవ చివరి దాని నుండి తీయాలి. అప్పుడే రెండూ సమంగా పనిచేస్తాయి. తీగ కొసలు మెలిపెట్టి చుట్టరాదు, లగ్గు నొక్కించి బిగించాలి. బ్యాటరీ ప్లస్సు పక్కనే తీగకు తగిన ఫ్యూజు ఉండాలి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయించండి.

పరీక్ష మధ్యలో యంత్రం ఆగితే నమూనా మళ్లీ తీయాలి, వరుస నిలుస్తుంది. ఎండాకాలంలో క్యాన్లలో పాలు పులుస్తాయి. ఆ నష్టం చివరకు తెల్లవారకముందే లేచి బర్రెకు గడ్డి వేసిన సభ్యురాలి మీద పడుతుంది. తీగలో మిగిల్చిన డబ్బు ఒక్క పూట పాలకు చాలదు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో మీ తీగ మందం, పొడవు కొలిపించి తీర్మానాల పుస్తకంలో రాయించండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.