పాలబండి ఇంజను మిస్ కొడితే
(రూటు డ్రైవర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాలబండి దారిలో ఆగితే పాలు విరుగుతాయి. నష్టపోయేది పాడిరైతు. అందుకే ఇంజను మిస్ కొడుతున్నప్పుడే చూసుకోవాలని మా మనవి.

అన్ని సిలిండర్లూ తడబడితే ముందు డీజిలు ఫిల్టరులోని నీటిని, పైపులోని గాలిని తీసేస్తాము. ఒక్క సిలిండరే పని చేయకపోతే బండి వణుకుతుంది, ఎత్తు ఎక్కదు. పాత రకం డీజిలు బండిలో, ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా, ఇంజెక్టరు పైపు నట్లను గుడ్డ కప్పి ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి బిగిస్తాము. శబ్దం మారితే ఆ సిలిండరు మంచిదే. మారకపోతే లోపం అక్కడే. ఇంజను ఆపి, ఆ ఇంజెక్టరును కొత్త రాగి వాషరుతో పక్క సిలిండరుకు మార్చి చూస్తాము. లోపం దానితోపాటు వెళితే నాజిలు బాగుచేయించాలి. వెళ్లకపోతే వాల్వు క్లియరెన్సు, తరువాత కంప్రెషను చూడాలి.

కామన్ రెయిల్ బండ్లలో మాత్రం ఆ నట్లను ముట్టవద్దు. అక్కడ పీడనం 1,000 బార్ కూడా దాటవచ్చు. చిమ్మిన డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ బండ్లను స్కానరుతోనే పరీక్ష చేయించాలి.

మిస్ వినబడిన రోజే సంఘ కార్యదర్శికి తెలపండి. మరునాటి పాలకు వేరే బండి చూసుకునే వ్యవధి ఉంటుంది.