అడవి అంచున ఒక పాత వాదము



భద్రాచలము సీమయందు పన్నును ప్రశ్నించుట కొత్త కాదు. మధ్యపరగణాల పాలనలో రేకపల్లి కొండలయందు పోడు సాగుకు గొడ్డలి ఒక్కింటికి 4 అణాలే పన్ను. మద్రాసు ప్రభుత్వము దానిని దాదాపు మూడింతలు చేసి, కొన్ని అడవులలో పోడును నిషేధించెను. 1879లో ఆ కొండలు రంప తిరుగుబాటులో చేరినవి.

పిమ్మట మన్యమున సన్యాసివలె మెలగిన అల్లూరి సీతారామరాజు త్రాగుడు మానుడనియు, కోర్టుల కేగక తగవులను పంచాయతీలందే తీర్చుకొనుడనియు బోధించెను. తమ తగవును తామే తీర్చుకొనువారికి పరప్రభుత్వమేల? ఆ నీతిబోధలోనే రాజకీయ వాదమున్నది. 1922 ఆగస్టులో ఆయన ఆయుధము పట్టెను; 1924 మే 7న హతుడయ్యెను.

షెడ్యూలు ప్రాంతములలో ఆచారము ననుసరించి తగవులు తీర్చు పద్ధతిని కాపాడు అర్హత గ్రామసభకు కలదని 1996 నాటి చట్టము చెప్పినది. కావున సభలో మనకు గిట్టని మాట పలికినవానిని కూర్చుండబెట్టకుడు. తుదివరకు విని, ఆ మాటను మినిట్సు పుస్తకమున వ్రాయింపుడు.